వానకు డప్పు దిగుతుంది, పియానో ఎక్కుతుంది

వానాకాలంలో డప్పు మెత్తబడిపోతుంది. తోలు తేమ పీల్చుకుని సాగుతుంది, శ్రుతి దిగిపోతుంది. అందుకే మంట దగ్గర కాచుకున్నాక గానీ దరువు మొదలుపెట్టరు. అదే ముసురులో పియానో శ్రుతి మాత్రం పైకి పోతుంది. పీల్చేది రెండూ తేమే కదా, మరి ఈ ఎదురు నడక ఎందుకు?

ఈ తమాషా కొట్టొచ్చినట్టు తెలిసే ఊళ్లలో షికాగో ఒకటి. అక్కడ 1897లో సెంట్రల్ లైబ్రరీగా తెరిచిన భవనం ఇప్పుడు కల్చరల్ సెంటర్. అందులో రంగుల అద్దాల గుమ్మటం ఉన్న హాల్లో 1977 నుంచి ఏళ్ల తరబడి బుధవారాలు మధ్యాహ్నం 12.15కి ఉచిత కచేరీలు నడిచాయి. భోజనం వేళ ఆఫీసుల్లోంచి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, టికెట్ లేదు. వాయించేది ఎక్కువగా అప్పుడప్పుడే పైకొస్తున్న కళాకారులు. కచేరీలకు పెట్టిన పేరు డేమ్ మైరా హెస్ అనే ఇంగ్లిష్ పియానిస్టుది. ఆమె సంగతి కాసేపట్లో.

షికాగో చలికాలంలో బయట మైనస్ 5 డిగ్రీలు, 80 శాతం తేమ ఉందనుకోండి. వినడానికి తడి గాలే. కానీ అంత చల్లటి ఘనమీటరు గాలిలో ఉండే నీరు మూడు గ్రాములు కూడా కాదు. దాన్నే లోపలికి లాగి 21 డిగ్రీలకు వేడిచేస్తే తేమ శాతం 15 లోపుకి పడిపోతుంది. వేసవిలో అదే హాల్లో 60 ఉండొచ్చు. పియానో కడుపులోని సౌండ్‌బోర్డు ఈ రెండింటి మధ్యా ఊగుతుంది.

సౌండ్‌బోర్డు అంటే స్ప్రూస్ అనే చెట్టు చెక్క పలక, మందం సెంటీమీటరు లోపే. తడి తగిలిన చెక్క నార పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. వానాకాలంలో తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోయేది అందుకే. 15 శాతం గాలి నుంచి 60 శాతం గాలికి వస్తే స్ప్రూస్ ఒంట్లో నీరు ఏడు శాతం దాకా పెరుగుతుంది, అడ్డు కొలత ఇంచుమించు ఒక శాతం పెరుగుతుంది. మీటరున్నర వెడల్పు పలకకి అది 15 మిల్లీమీటర్లు! కానీ పక్కలకి జరగడానికి చోటేదీ? అంచులు చట్రానికి అతికించి ఉంటాయి. కింద నారకు అడ్డంగా కర్ర బద్దలు అతికించి ఉంటాయి, అవి పొడవునా సాగవు. పైన పలక ఉబ్బుతానంటుంది, కింద బద్ద కదలనంటుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే, పైకి ఉబ్బెత్తుగా లేవడం.

పలక మీద బ్రిడ్జి అనే కర్ర పట్టీ, బ్రిడ్జి మీద తీగలు. తీగ బ్రిడ్జి దగ్గర ఒకటి రెండు డిగ్రీలు వంగి పోతుంది. బ్రిడ్జి లేస్తే తీగ ఇంకాస్త లాగబడుతుంది. మామూలు కొలతలతో లెక్కేస్తే ఒక మిల్లీమీటరుకి పది సెంట్లు, అంటే అర్ధస్వరంలో పదో వంతు. డప్పులో తడిసేది మోగే తోలే. పియానోలో మోగే ఉక్కుకి తడి పట్టదు, దాన్ని మోసే చెక్కకి పడుతుంది. ఎదురు నడక గుట్టు అదే.

అన్ని తీగలూ ఒకేలా లేస్తే సగం బాధ ఉండదు. లేవవు. పలక నడుమ ఎక్కువ లేస్తుంది, చివరి సన్న స్వరాల దగ్గర తక్కువ. పైగా తక్కువ బిగువున్న తీగలు ఎక్కువ చలిస్తాయి. లావు బేస్ తీగలు ఆగి సాదా ఉక్కు తీగలు మొదలయ్యే చోట ఇది అన్నిటికన్నా ఎక్కువ. కాబట్టి పియానో మొత్తంగా తప్పడం కాదు, తనలో తనే గొడవపడుతుంది. పలక కింద గ్లాసుడు నీళ్లు పెడితే చాలన్న నమ్మకం ఒకటుంది. ఒలికితే పనికి వస్తుంది, శ్రుతి చేసే ట్యూనర్‌కి.

వచ్చిన జనం ఊపిరికి శ్రుతి తప్పుతుందన్నదీ అలాంటిదే. రెండొందల మంది గంటలో పది లీటర్ల నీరు గాలిలోకి వదులుతారన్న మాట నిజం. కానీ వార్నిషు పూసిన పలక ఆ నీటిని తాపీగా, రోజులూ వారాలూ తీసుకుంటుంది. గంటలో దెబ్బకొట్టేది తేమ కాదు, లైటు. ఉక్కు తీగ వేడికి సాగుతుంది. ఇనుప ఫ్రేము ఇంకా చల్లగా ఉండగా తీగ ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి రెండు సెంట్లు దిగుతుంది. 440 హెర్ట్జ్ స్వరం దగ్గర అది అర హెర్ట్జ్. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సోనోమీటర్ ముందు పిల్లలు పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమమని వల్లిస్తారు, ఆ తన్యతని ఫ్యాను గాలి కూడా మారుస్తుందని ఎవరూ చెప్పరు.

మైరా హెస్ మధ్యాహ్నం కచేరీలు 1939 అక్టోబరు 10న లండన్ నేషనల్ గ్యాలరీలో మొదలయ్యాయి, 1946 దాకా 1,698 జరిగాయి. అవి ఉచితం కాదు, టికెట్ ఒక షిల్లింగు. బాంబుల భయంతో గోడల మీది బొమ్మలన్నీ తరలించారు. తర్వాత వాటిని వేల్స్‌లోని మానోడ్ పలకరాతి గనిలో 17 డిగ్రీలు, 42 శాతం తేమ దగ్గర నిలకడగా ఉంచారు. లండన్‌లో అస్తమానం రంగు లేచిపోయే చెక్క మీది చిత్రాలకి అక్కడ మరమ్మతు అవసరమే దాదాపు పోయింది. చిత్రమైనా పియానో అయినా చెక్కకి ఒకటే. తేమ ఎంతన్నదాని కన్నా ఊగకపోవడమే దానికి ముఖ్యం.

ట్యూనర్ పని పొద్దున్నే. 230 దాకా తీగలు, అన్నీ కలిపి దాదాపు 20 టన్నుల లాగుడు. నడిమి స్వరాల్లో మూడేసి తీగలకి మధ్యదొక్కటే మోగేట్టు ఫెల్ట్ పట్టీ దోపుతాడు. ట్యూనింగ్ ఫోర్కుతో ‘A’ అనే స్వరం (440 హెర్ట్జ్) నిలబెట్టి, నడిమి సప్తకం సరిచేసి, రెండు వైపులా సాగుతాడు. తర్వాత పట్టీ లాగి పక్క తీగలు కలుపుతాడు. 440, 441 కలిసి మోగితే సెకనుకో అల వినిపిస్తుంది, అది ఆగేదాకా, తీగ చుట్టిన పిన్ను తిప్పే లీవర్ వదలడు. పిన్ ఒక్క డిగ్రీ తిరిగితే 20 సెంట్లు పోతుంది గనక చెయ్యి తిప్పదు, ఒత్తుతుందంతే. కాస్త పైకి తీసి, గట్టిగా పియానో మీట కొట్టి, కిందికి దించి నిలబెట్టాలి. ఇది మానేస్తే తీగ రాపిడి చోట్ల బిగువు సమానం కాక, పియానిస్టు మొదటిసారి గట్టిగా కొట్టగానే జారిపోతుంది.

ముప్పావుగంట కచేరీకి విరామం ఉండదు, మధ్యలో సర్దే వీలు లేదు. అందుకని తెలివైన ట్యూనర్ కచేరీ లైట్లు ముందే వేయించి, ఫ్రేము కూడా వేడెక్కాకే లీవర్ పట్టుకుంటాడు. అతను వెళ్లాక ఎవరో పొదుపని లైట్లార్పేస్తే తీగలు చల్లబడి శ్రుతి పైకెక్కి కూర్చుంటుంది. 12.15కి మళ్లీ వెలిగిస్తే మొదటి పాటంతా దిగుతూనే ఉంటుంది.