కాఫీ అంటే వెన్న తేలింది

మొన్న ఆదివారం శ్రీకాకుళంలో మా ఇంట్లో కాపుచినో, అంటే పైన మందంగా పాల నురగ ఉండే కాఫీ, చేద్దామని బయల్దేరాను. అరకు కాఫీ పొడి, ఇంటికి పోసే చిక్కటి గేదె పాలు, ఆన్‌లైన్‌లో కొన్న బ్యాటరీ ఫ్రాతర్ (పాలను గిలక్కొట్టి నురగ తెప్పించే చిన్న కవ్వం), అన్నీ సిద్ధం. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు గోరువెచ్చగా చేసి ఐదు నిమిషాలు తిప్పితే నాలుగు పెద్ద బుడగలు లేచి టప్పున పేలిపోయాయి, ఆవగింజలంత వెన్న పూసలు మాత్రం పైకి తేలాయి. అమ్మమ్మ తొంగి చూసి "ఏట్రా, కాఫీ అన్నావు, వెన్న తీస్తన్నావేటి?" అంది.

నిజంగానే వెన్న తీశాను. పాలలోని ప్రొటీన్లలో కొంత భాగం నీటిని కోరుకుంటుంది, కొంత భాగం తప్పించుకోవాలని చూస్తుంది. అందుకే పాలను గిలక్కొట్టినప్పుడు లోపలికి వెళ్లిన గాలి బుడగ చుట్టూ అవి చేరి పొర కడతాయి. అదే నురగ. దాన్ని చెడగొట్టేది కొవ్వు, అదీ సగం గడ్డకట్టి ఉన్నప్పుడు. పాల కొవ్వు పూర్తిగా కరగాలంటే దాదాపు 40 డిగ్రీలు ఉండాలి, అంతకు తక్కువైతే గట్టి పలుకులు బుడగల పొరను చీల్చేస్తాయి, కొవ్వు గోళాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఎండాకాలంలో అమ్మమ్మ మజ్జిగ చిలికేటప్పుడు చల్లటి నీళ్లు పోసేది ఇందుకే, కొవ్వు మరీ మెత్తబడితే వెన్న సరిగ్గా పడదు. ఆమెకు కావలసిందే నాకు అక్కర్లేనిది!

కాబట్టి పాలు 60–65 డిగ్రీల వేడిలో ఉండాలి, అంటే గిన్నె మీద చెయ్యి రెండు మూడు సెకన్లకు మించి ఆనించలేనంత. 70 దాటితే ఉడుకు వాసన మొదలవుతుంది. మనం ఎలాగూ పాలు పొంగేదాకా కాస్తాం కదా, కాచి, మీగడ తీసేసి, ఆ వేడికి దిగాక తిప్పితే సరి.

ప్యాకెట్ పాలలో డబుల్ టోన్డ్‌కి 1.5 శాతం కొవ్వు, టోన్డ్‌కి 3, ఫుల్ క్రీమ్‌కి 6. కొవ్వు తక్కువైతే నురగ నిలుస్తుంది గానీ నోటికి పేలవంగా ఉంటుంది, నా ఓటు టోన్డ్‌కే. గ్లాసులో సగం లోపే పోయండి, పొంగి గట్టంతా అవుతుంది (మాది అయింది). ఫ్రాతర్ ముందు పైపైన పెట్టి గాలి ఎక్కించి, తర్వాత లోపలికి దించితే పెద్ద బుడగలు చితికి సన్నవవుతాయి. డికాషన్‌లో పాలు కలిపి పైనుంచి తిరగబోస్తే వచ్చేదీ ఇలాంటి నురగే, కాకపోతే బుడగలు పెద్దవి, తొందరగా పోతాయి.

రెండోసారి బాగానే వచ్చింది. అమ్మమ్మ ఒక గుక్క తాగి "నురగే గానీ కాఫీ ఏదిరా" అని, నా మొదటి గ్లాసు పాలు తోడు పెట్టేసింది.