అత్తిపత్తి ఆకులో పరుగెత్తేది ఏమిటి?

మొక్కలకు స్పృహ ఉందన్న వాదాన్ని తోసిపుచ్చుతూ లింకన్ టైజ్, మరికొందరు శాస్త్రవేత్తలు 2019లో ఒక వ్యాసం ప్రచురించారు. చర్చ కొత్తదిగా కనిపించినా, దాని వెనుక వందేళ్లు దాటిన తగవు ఒకటుంది: ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి ఆకు కొసను కదిలిస్తే, దూరాన ఉన్న తొడిమదాకా వెళ్లే కబురు మన నరాల్లోలాంటి విద్యుత్తా, రసాయనమా?

ఆకు వాలే తీరు మీద ఇప్పుడు పెద్ద పేచీ లేదు. తొడిమ మొదట్లో ఉబ్బెత్తు కీలు ఒకటి ఉంటుంది. సంకేతం అందగానే ఆ కీలు అడుగువైపు కణాల నుంచి పొటాషియం, క్లోరైడ్ అయాన్లు, వాటి వెంట నీరు బయటికి పోతాయి. బిగువు సడలి తొడిమ కిందికి వాలుతుంది.

డార్విన్ కోరిక మీద శరీరధర్మ శాస్త్రవేత్త బర్డన్ శాండర్సన్ 1873లో వీనస్ ఫ్లైట్రాప్ అనే కీటకాహారి మొక్కలో విద్యుత్ ప్రేరణను నమోదు చేశాడు. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఈ పనిని చాలా దూరం తీసుకెళ్లాడు. మసిపట్టించిన గాజు పలక మీద కంపిస్తూ చుక్కలు పెట్టే సన్నని సూదితో, అత్తిపత్తిలో సంకేతం ఎంత వేగంతో సాగుతుందో కొలిచాడు. అది సెకనుకు 2-3 సెంటీమీటర్లే, మన నరాలతో పోలిస్తే నత్తనడకే. అయినా బోస్ దానిని నాడీ ప్రేరణగానే భావించి, 1926లో మొక్కల నాడీ యంత్రాంగం గురించి ఏకంగా ఒక గ్రంథమే వెలువరించాడు.

అంతకు పదేళ్ల ముందే, 1916లో, ఇటలీకి చెందిన రిక్కా అత్తిపత్తి జాతి మొక్క కాండాన్ని కోసి, రెండు ముక్కలను నీళ్లు నింపిన గొట్టంతో కలిపి చూపించాడు. కణజాలం తెగిపోయినా సంకేతం ఆవలికి దాటింది కనుక, దాన్ని మోసేది నీటిలో కలిసిన పదార్థమేనని ఆయన తేల్చాడు. నిజానికి బోస్ ఎక్కువగా ప్రయోగించింది స్వల్ప విద్యుత్ ప్రేరణ, రిక్కా చేసింది గాయం. మెల్లని తాకిడికి, గాయానికి మొక్క వేర్వేరు సంకేతాలు పంపుతుందని తరువాతి పరిశోధనలు నిర్ధారించాయి. బోస్ కొలతలు నిలిచాయి, నాడుల వాదం నిలవలేదు.

ఈ ముడుచుకోవడం మొక్కకు ఎందుకు పనికొస్తుందన్న ప్రశ్నను మాత్రం ఇద్దరూ పెద్దగా పట్టించుకోలేదు. జపాన్ పరిశోధకులు 2022లో కీళ్లు ఏర్పడకుండా జన్యువులను మార్చిన అత్తిపత్తి మొక్కలను మిడతల ముందుంచారు. కదలలేని ఆ ఆకులను మిడతలు మామూలు ఆకులకంటే ఎక్కువగా తిన్నాయి.