తుపాకీ పక్కన మందుల సంచీ

హన్మకొండ సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు తెల్లారుజామున పోతే ఆర్మీ ర్యాలీ కోసం ఉరికే పోరగాళ్లు కనిపిస్తారు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టాలి, అదే ధ్యాస. బైపీసీ చదివిన ఒకతన్ని నర్సింగ్ అసిస్టెంట్‌కు ఎందుకు పెట్టుకోలేదని అడిగాను. "అది దవాఖాన పని గదన్నా, నాకు బార్డర్ల డ్యూటీ కావాలె" అన్నాడు.

చైనాతో గాల్వాన్ లోయ ఘర్షణ అనగానే మనకు సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గుర్తొస్తారు. రావాల్సిందే. ఆయన నడిపిన 16 బిహార్ పటాలంలోనే నాయక్ దీపక్ సింగ్ ఉన్నాడు. మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతం వాడు, నర్సింగ్ అసిస్టెంట్. 2020 జూన్ 15 రాత్రి రాళ్ల దెబ్బలు తనకూ తగిలాయి. కట్లు కట్టడం మాత్రం ఆపలేదు. 30 మందికి పైగా జవాన్లకు చికిత్స చేసి, చివరికి ఆ గాయాలతోనే పోయాడు. వీరచక్ర వచ్చింది. మన దగ్గర ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

ఆ రాత్రి మనం పోగొట్టుకున్నది 20 మందిని. వాళ్లలో 17 మంది తీవ్రంగా గాయపడి, ఆ ఎత్తులో, సున్నాకు దిగువ చలిలో ఉండి ప్రాణం విడిచారని సైన్యమే ప్రకటించింది. అలాంటి చోట పక్కన కట్టు కట్టే మనిషి ఉండడానికీ లేకపోవడానికీ ఎంత తేడానో వేరే చెప్పాలా?

చలిలో పడి ఉన్న క్షతగాత్రుల కథ వందేళ్ల కిందటిది కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు, వెళ్లిన మన సిపాయిలకు సరైన అంబులెన్సులు లేవు. స్ప్రింగులు లేని సామాన్ల బండ్లలోనే గాయపడ్డవాళ్లను వేసి, ఎత్తుపల్లాల మీద లాక్కుపోయారు. 1916 జనవరి 21న అక్కడే డోగ్రా పటాలానికి చెందిన లాన్స్ నాయక్ లాలా ఒక అధికారిని తాను కట్టుకున్న చిన్న చాటుకు లాక్కొచ్చాడు. అప్పటికే అందులో నలుగురికి కట్లు కట్టి ఉన్నాడు. అంతలో శత్రువుకు వంద గజాల దూరంలో, ఆరుబయట పడి ఉన్న ఇంకో అధికారి కేక వినిపించింది. పోయాడు. తన ఒంటి మీది బట్టలు విప్పి ఆయనకు కప్పి, పొద్దుగూకేదాకా పక్కనే ఉన్నాడు. చీకటి పడ్డాక మొదటి అధికారిని మోసుకెళ్లి కందకంలో దించి, స్ట్రెచర్‌తో మళ్లీ తిరిగొచ్చాడు. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్‌కు భారతీయులను అర్హులను చేసింది 1911లోనే. ఆ తొలి పతకాల్లో లాలాది ఒకటి.

స్వతంత్రం వచ్చాక మన సైన్యం కొరియా యుద్ధానికి పంపింది తుపాకుల దళాన్ని కాదు, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని. 1950 చివర ప్యాంగ్యాంగ్ నుంచి వెనక్కి తగ్గాల్సి వస్తే, మందులూ పరికరాలూ వదిలిపోలేక ఒక రైలింజన్ సంపాదించి, దానికి బకెట్లతో నీళ్లు పోసి నడుపుకుంటూ వచ్చారు. 1951 మార్చిలో వాళ్లలో కొందరు అమెరికా సైనికులతో కలిసి మున్సాన్ దగ్గర పారాచూట్లతో దూకారు. దళపతి లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్‌కు మహావీరచక్ర ఇచ్చారు.

దవాఖాన పనే ఇదంతా, కాదనను.

వారం తర్వాత ఆ అబ్బాయే ఆపి అడిగాడు: "దానికి గూడా ఇంతే ఉరకాల్నా అన్నా?"

ఇంతే ఉరకాలె అన్నాను.