ఐదు వందల డాలర్లలో క్యారీ పిస్టల్: అపోహలు - వాస్తవాలు

షాపులో అద్దం కింద వరసగా పేర్చిన పిస్టళ్ళలో 280 డాలర్లదీ ఉంటుంది, 1,200 డాలర్లదీ ఉంటుంది. కొత్తగా కొనేవాళ్ళ చూపు ముందు ఆ ధర చీటీల మీదే పడుతుంది. కానీ రోజూ నడుముకి పెట్టుకుని తిరగాల్సిన పిస్టల్‌కి అసలు ఖర్చు ఆ చీటీలో కనబడదు. తూటాలు, హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర), బెల్టు, రేంజ్ (పేల్చడం సాధన చేసే చోటు) ఫీజు... మీ చేతిలోని పిస్టల్‌ని నమ్మొచ్చా లేదా అన్నది వీటి మీద పెట్టిన డబ్బుతోనే తేలుతుంది. టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్న మాటలివి. వేరే రాష్ట్రాల్లో చట్టం వేరు, ముందు అది చూసుకోండి.

అపోహ: "టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేదుగా, ఎవరైనా కొనుక్కోవచ్చు."

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవచ్చన్న మాట నిజమే. అయితే తుపాకి ఉంచుకునే అర్హత ముందు ఉండాలి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం. శిక్ష 15 ఏళ్ళ దాకా పడొచ్చు. సరదాకి రేంజ్‌కి వెళ్ళి అద్దె పిస్టల్ పేల్చినా అది కూడా దగ్గర ఉంచుకున్న కిందకే వస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి చట్టంలో మినహాయింపు ఉంది. కానీ దాన్ని నమ్ముకుని అడుగు వేసే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. తుపాకి కేసు వీసా దగ్గర ఆగదు, దేశం నుంచి పంపించేసే దాకా వెళ్తుంది.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. భర్త హెచ్-1బి, భార్యకి గ్రీన్‌కార్డు ఉందనుకోండి: ఆయన కోసం ఆవిడ పేరు మీద కొనడం కుదరదు. డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో అసలు కొనేది మీరేనా అని సూటిగా అడుగుతారు, అక్కడ అబద్ధం రాయడమే ఒక నేరం. ఆవిడ తన కోసం కొనుక్కుంటే, తాళం ఆవిడ దగ్గరే ఉండాలి, ఆయనకి అందే చోట పిస్టల్ ఉండకూడదు.

లైసెన్సు అవసరం లేకపోయినా తీసుకోవడం మంచిదని మా సలహా. బడికి 1,000 అడుగుల లోపు రోడ్డు మీద తుపాకితో వెళ్ళడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంటే మినహాయింపు, పర్మిట్ లేని క్యారీకి ఆ మినహాయింపు లేదు. పిల్లల్ని స్కూల్ దగ్గర దించి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి ఇది ఏ రోజుకారోజు ఎదురయ్యే విషయం.

అపోహ: "ధర ఎక్కువైతే నమ్మకం ఎక్కువ. 300 డాలర్ల పిస్టల్ అవసరానికి పేలదు."

కొంచెం వివరంగా చెప్పాల్సిన సంగతి ఇది. చవక పిస్టల్‌లో కంపెనీ దేని మీద మిగుల్చుకుందో చూడాలి. రూగర్ ఈసీ9ఎస్‌నే తీసుకోండి: సైట్లని (గురి చూసే గుర్తుల్ని) విడిగా బిగించకుండా స్లైడ్‌లోనే (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగంలోనే) చెక్కేశారు. నచ్చకపోతే మార్చుకోలేరు, కానీ అందువల్ల పిస్టల్ జామ్ అవదు. టారస్ జీ3సీలో ఫినిషింగ్ సాదాగా ఉంటుంది, ట్రిగ్గర్ ప్రయాణం పొడుగు, అయినా పెట్టెలో 12 రౌండ్ల మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బాలు) మూడు వస్తాయి. ఇంకో వంద డాలర్లు పెట్టగలిగితే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ మంచి ట్రిగ్గర్‌తో వస్తుంది. మరోవైపు, మూడు అంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న, 1911 అనే పాత సైనిక పిస్టల్ తరహాలో చేసిన ఖరీదైన పిస్టళ్ళు తూటా రకం, స్ప్రింగ్ వయసు, గ్రీజు అన్నీ సరిగ్గా కుదిరితేనే సాఫీగా నడుస్తాయి. కొత్తవాళ్ళకి వాటి జోలి వద్దు.

పేరున్న కంపెనీ అయినంత మాత్రాన తప్పులు జరగవని కాదు. 2008లో రూగర్ ఎల్‌సీపీ, 2013లో స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ కింద పడితే పేలే లోపం వల్ల వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. 2017లో సిగ్ పీ320కి కూడా అలాంటి కారణంతోనే ఉచితంగా భాగాలు మార్చే పథకం పెట్టారు. అందుకే ఏది కొన్నా సీరియల్ నంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ పేజీలో కొట్టి చూడండి. రెండు నిమిషాల పని.

ఇక 500 డాలర్లు ఇలా సర్దొచ్చు: పిస్టల్ 300, గట్టి కైడెక్స్ (ప్లాస్టిక్) హోల్‌స్టర్ 50, వంగని బెల్టు 35, సాధన కోసం 115 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) 9 ఎంఎం మామూలు తూటాలు 250కి సుమారు 75, క్యారీకి 50 హాలో పాయింట్లు (ముక్కులో గుంట ఉండి తగిలాక విచ్చుకునే తూటాలు) 40. పన్ను, రేంజ్ ఫీజు పైన. పిస్టల్‌కే 480 పెట్టేసి ఒక పెట్టె తూటాలతో ఇంటికి వస్తే, అది పనిచేస్తుందో లేదో మీకు తెలియదు.

తేల్చుకునే పద్ధతి ఇదీ. మొదటిసారి పేల్చేముందు పిస్టల్ విప్పి, ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు తుడిచి, మాన్యువల్‌లో చూపించిన చోట్ల మాత్రమే ఒక్కో చుక్క నూనె వేయండి. మ్యాగజైన్ల అడుగున పెయింట్ పెన్నుతో 1, 2 అని రాయండి. 200 మామూలు రౌండ్లు, మధ్యలో శుభ్రం చేయకుండా, రెండు మూడు రేంజ్ రోజుల్లో పేల్చండి. అందులో ఒక 20 ఒంటి చేత్తో, పది ఎడమ చేత్తో. ఆ తర్వాత క్యారీకి పెట్టుకోబోయే హాలో పాయింట్లలో కనీసం 30. ఆగిన ప్రతిసారీ చిన్న కాగితం మీద రాయండి: ఏ మ్యాగజైన్, ఎన్నో రౌండ్, ఏమైంది.

ఆ కాగితమే జబ్బు ఏమిటో చెప్తుంది. ఖాళీ గుల్ల, అది బయటికి రావాల్సిన స్లైడ్ కిటికీలో పొయ్యి గొట్టంలా నిటారుగా ఇరుక్కుంటే, ముందు మణికట్టుని అనుమానించండి. చిన్న పిస్టల్ తేలికగా ఉంటుంది, చెయ్యి వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. అదే మ్యాగజైన్‌తో అనుభవం ఉన్న ఇంకొకరు పేలిస్తే సమస్య మాయమైందా, లోపం పట్టులోది. పోలేదంటే గుల్లని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం, లేదా బలహీనమైన తూటా. తూటా ముక్కు ర్యాంప్‌కి (బ్యారెల్‌లోకి దారి చూపే వాలుకి) తగిలి ఆగిపోవడం 2వ నంబరు మ్యాగజైన్‌తోనే జరుగుతుంటే, ఆ మ్యాగజైన్ పక్కన పడేయండి. ఆఖరి తూటా అయిపోయినా స్లైడ్ వెనక ఆగకపోతే చాలాసార్లు కారణం మీ బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని వెనక ఆపే మీట) మీద ఆని ఉండటమే.

టక్కుమని శబ్దం వచ్చి పేలకపోతే 30 సెకన్లు మూతి టార్గెట్ వైపే పట్టి ఆగండి, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది. తర్వాత తూటా తీసి ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న గిన్నె) మీద గుంట చూడండి. గుంట లోతుగా ఉంటే లోపం తూటాది. పైపైన గీసినట్టు ఉంటే స్ట్రైకర్ (ప్రైమర్‌ని కొట్టే సూది) గొట్టంలో నూనె, మసి చేరి గట్టిపడి ఉండొచ్చు. ఆ గొట్టంలో నూనె ఎప్పుడూ వేయకూడదు. మొదటి 50 రౌండ్లలో ఒకటి రెండు సార్లు ఆగితే కొత్త స్ప్రింగ్ బిగువు అనుకుని సర్దుకోవచ్చు. వంద దాటాక కూడా మంచి తూటాతో, మంచి పట్టుతో ఆగుతుంటే కంపెనీ వారంటీకి పంపండి. బాగై వచ్చాక లెక్క మళ్ళీ సున్నా నుంచి.

అపోహ: "సెకండ్‌హ్యాండ్ తుపాకి కొనకూడదు."

పోలీసు శాఖలు కొత్తవి తీసుకుని వదిలేసిన పాత పిస్టళ్ళు తక్కువ బడ్జెట్‌వాళ్ళకి దొరికే మంచి బేరం. వాటిని మోసింది ఎక్కువ, పేల్చింది తక్కువ. హోల్‌స్టర్ రాపిడికి పైన రంగు పోయి ఉంటుంది, లోపల బ్యారెల్ నిగనిగలాడుతుంది. ఎఫ్‌బీఐ మళ్ళీ 9 ఎంఎంకి వచ్చాక చాలా శాఖలు అదే బాట పట్టడంతో .40 క్యాలిబర్ గ్లాక్ 22లు చవగ్గా దొరుకుతున్నాయి. ఒక్కటే మాట: ఆ తూటా ధర ఎక్కువ, తన్ను (పేలినప్పుడు చేతికి వచ్చే దెబ్బ) ఎక్కువ, పిస్టల్ కూడా దాచుకోవడానికి పెద్దది.

కొనేముందు షాపువాళ్ళ అనుమతితో, ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకుని విప్పించండి. వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి బ్యారెల్‌లో నల్లని ఉంగరం లాంటి నీడ ఉందేమో చూడండి. ఉంటే బ్యారెల్ ఉబ్బినట్టు. స్లైడ్ కిటికీ మూలల్లో సన్నని పగుళ్ళు, ఎక్స్‌ట్రాక్టర్ అంచు విరగడం చూడండి. చీకట్లో వెలగాల్సిన ట్రిటియం సైట్లు ఉంటే చెయ్యి అడ్డుపెట్టి చూడండి. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్ళు, పాత పిస్టల్ మీద అవి దాదాపు ఆరిపోయే ఉంటాయి. స్లైడ్‌ని ముందుకి తోసే కొత్త రికాయిల్ స్ప్రింగ్‌కి ఇంకో 10-20 డాలర్లు పక్కన పెట్టుకోండి.

అపోహ: "ఆడవాళ్ళకి బుల్లి పిస్టల్, లేకపోతే రివాల్వర్. రివాల్వర్ జామ్ అవ్వదు కూడా."

ఈ సలహా ఇచ్చేది ఎక్కువగా ఇంట్లో మగవాళ్ళే, చేతిలో పట్టుకోవాల్సింది మాత్రం ఆవిడ. పది ఔన్సుల .380 పిస్టల్ అరచేతిలో ముద్దుగా ఉంటుంది, పేల్చినప్పుడు అదే చెయ్యి చురుక్కుమంటుంది. బరువు తగ్గేకొద్దీ తన్ను పెరుగుతుంది, బ్యారెల్ పొట్టిదయ్యేకొద్దీ గురి తప్పు పెద్దదవుతుంది. నొప్పి పుడితే సాధన మానేస్తారు. 20 ఔన్సుల దగ్గర ఉన్న 9 ఎంఎం పేల్చడం దానికంటే సులువు, పైగా .380 తూటా సాధారణంగా 9 ఎంఎం కంటే ఖరీదు. స్లైడ్ లాగలేకపోతే కారణం బలం కన్నా పద్ధతి: పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా పట్టుకుని, ఎడమ చేత్తో స్లైడ్‌ని గట్టిగా బిగించి, కుడి చేత్తో పిస్టల్‌ని ముందుకి తోయాలి. అప్పటికీ కష్టమైతే మెత్తని స్ప్రింగ్ ఉన్న షీల్డ్ ఈజీ లాంటివి ఉన్నాయి.

తేలికపాటి రివాల్వర్ ట్రిగ్గర్ 12 పౌండ్ల దాకా ఉంటుంది, కొత్త చేతికి గురి నిలవదు. అదీ ఆగుతుంది: గుల్లల్ని నెట్టే ఎజెక్టర్ కడ్డీ వదులై సిలిండర్ (తూటాలు ఉండే, గుండ్రంగా తిరిగే భాగం) తెరుచుకోకపోవడం, ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద కాలని మందు పలుకులు చేరి సిలిండర్ బిగుసుకోవడం, తన్నుకి బుల్లెట్ గుల్లలోంచి ముందుకి జరిగి సిలిండర్‌ని ఆపేయడం. అవి అక్కడికక్కడ చేత్తో సరయ్యేవి కావు.

అపోహ: "పెద్ద తూటా అయితేనే మనిషి ఆగుతాడు."

ఎఫ్‌బీఐ పరీక్షలో కొలిచేది మనిషి కండకి బదులుగా వాడే 10 శాతం జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాల చొచ్చుకుపోవడం. 124 గ్రెయిన్ల ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పియర్ గోల్డ్ డాట్ లాంటి మంచి 9 ఎంఎం హాలో పాయింట్లు ఆ హద్దులో నిలబడేలా తయారైనవే. మామూలు గుండ్రటి ముక్కు తూటాని క్యారీకి వాడొద్దు. అది ఎదుటి మనిషిని దాటి, ఇక్కడి ఇళ్ళ పలకల గోడనీ దాటి, పక్క గదిలో పడుకున్నవాళ్ళ దాకా పోతుంది.

అపోహ: "మ్యాగజైన్ ఎప్పుడూ నింపి ఉంచితే స్ప్రింగ్ పాడవుతుంది."

నింపి ఉంచడం వల్ల కాదు, నింపి తీసి నింపి తీసి చేయడం వల్ల స్ప్రింగ్ అరుగుతుంది. రోజూ తీసి పెట్టే అలవాటులో అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. రాత్రి ఛాంబర్‌లోని (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటులోని) తూటా తీసి, పొద్దున అదే తూటా మళ్ళీ ఎక్కిస్తుంటే, ప్రతిసారీ దాని ముక్కు ర్యాంప్‌కి కొట్టుకుని బుల్లెట్ గుల్లలోకి కొంచెం దిగుతుంది. లోపల ఖాళీ తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ తూటాని కొత్తదాని పక్కన బల్ల మీద నిలబెట్టి, కళ్ళు బల్ల ఎత్తుకి దించి చూడండి. వెంట్రుకవాసి పొట్టిగా కనబడినా దాన్ని పేల్చకండి, రేంజ్‌వాళ్ళకి ఇచ్చేయండి. పిస్టల్‌ని హోల్‌స్టర్‌తో సహా తాళం పెట్టెలో పెట్టేస్తే తూటా తీయాల్సిన పనే లేదు.

అపోహ: "ఏ హోల్‌స్టర్ అయినా ఒకటే, సేఫ్టీ ఉందిగా."

పదిహేను డాలర్ల నైలాన్ సంచి లాంటి హోల్‌స్టర్ పిస్టల్ ధరకి మించిన నష్టం తెస్తుంది. ట్రిగ్గర్ గార్డ్ రెండు వైపులా పూర్తిగా మూసుకుపోవాలి, పిస్టల్ తీశాక కూడా నోరు తెరుచుకునే ఉండాలి, తలకిందులు చేసినా (ఖాళీ పిస్టల్‌తో చూడండి) జారకూడదు. ప్రమాదం ఎక్కువ పిస్టల్ తీసేటప్పుడు కాదు, తిరిగి పెట్టేటప్పుడు: చొక్కా కొస, జాకెట్ తాడు ట్రిగ్గర్‌లో ఇరుక్కుంటాయి. బట్ట పూర్తిగా పక్కకి లాగి, కళ్ళతో చూస్తూ, నెమ్మదిగా. తొందరపడాల్సిన అవసరం ఏ రోజూ ఉండదు.

సాధనకి డబ్బు చాలకపోతే ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో రోజూ పది నిమిషాలు ట్రిగ్గర్ నొక్కండి. తూటాలన్నీ వేరే గదిలో, ఇటుక గోడ వైపు గురి. రేంజ్ నుంచి వచ్చాక పిల్లల్ని ఎత్తుకునే ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి, సీసం ధూళి ఉంటుంది.

ఇంట్లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా, నిర్లక్ష్యంగా, నింపిన తుపాకి వదిలేయడం టెక్సస్‌లో నేరం. నలభై డాలర్ల ఇనప పెట్టె చాలు. అదీ వీలుకాకపోతే ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తారు.

అపోహ: "బ్యాగులో ఒక్క తూటా మిగిలితే ఏమవుతుంది?"

రేంజ్‌కి పట్టుకెళ్ళిన బ్యాక్‌ప్యాక్‌నే సంక్రాంతికి ఇండియా ప్రయాణంలో భుజాన వేసుకుంటారు. లోపలి జేబు కుట్టు దగ్గర ఇరుక్కున్న ఒక్క 9 ఎంఎం తూటా శంషాబాద్‌లో స్కానర్ కింద స్పష్టంగా కనబడుతుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా 1959 ఆయుధాల చట్టం కింద కేసు. పొరపాటున ఉండిపోయిందని కోర్టులో తేలేదాకా పాస్‌పోర్టు, తిరుగు ప్రయాణం, ఉద్యోగం అన్నీ ఆగిపోవచ్చు. రేంజ్‌కి వేరే బ్యాగు పెట్టండి, ముదురు ఎరుపు లాంటి రంగులో, ఇంట్లో అందరికీ తెలిసేలా. ఆ బ్యాగు గ్యారేజీ దాటి లోపలికి రాకూడదు.