బోర్డు మీద యూఆర్ట్ పిన్నులు వెతకడం: అపోహలు - వాస్తవాలు

రౌటర్‌కి పవర్ లైటు వెలుగుతుంది, మిగతా లైట్లు చచ్చినట్టు పడి ఉంటాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయి ఉంటుంది. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా కౌంటర్ మీద దీనికి పడే తీర్పు ఒకటే: "బోర్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి." నిజంగా బోర్డు పోయిందా, సాఫ్ట్‌వేర్ సగంలో ఆగిందా అన్నది ఆ బోర్డే చెబుతుంది. బూట్ అవుతూ అది అక్షరాల్లో కబుర్లు పంపే సీరియల్ పోర్టు, అంటే యూఆర్ట్, ఎక్కడుందో మనకు తెలియాలంతే. వీడియోల్లో చూసి కంటితో పోల్చుకుంటే దొరికేస్తుందనుకునే దగ్గరే తప్పులు మొదలవుతాయి. ఇది మల్టీమీటరు చేసే పని. వెతకాల్సినవి నాలుగు: గ్రౌండ్, వీసీసీ (సప్లై), టీఎక్స్ (బోర్డు మాట్లాడే పిన్ను), ఆర్ఎక్స్ (బోర్డు వినే పిన్ను).

అపోహ: వరసగా నాలుగు రంధ్రాలుంటే అది యూఆర్టే. చదరంగా ఉన్న ప్యాడ్ (తీగ అతికించే రాగి చుక్క) వీసీసీ.

టీవీ బోర్డు మీద రెండు స్పీకర్లకూ కలిపి నాలుగు పిన్నులే, ఐ2సీ (చిప్పులు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) సెన్సార్లకూ తరచూ నాలుగే. చదరపు ప్యాడ్ చెప్పేది "ఒకటో నంబరు పిన్ను ఇది" అని మాత్రమే. ఆ ఒకటో పిన్ను గ్రౌండా, టీఎక్సా, వీసీసీయా అన్నది బోర్డు గీసిన వాళ్ల ఇష్టం. కొన్ని బోర్డుల మీద అసలు రంధ్రాలే ఉండవు, టీపీ1, టీపీ2 అని పేర్లున్న గుండ్రటి చుక్కలు మాత్రమే ఉంటాయి. రేణిగుంట వైపు టీవీలు, ఫోన్లు బిగించే ఫ్యాక్టరీల్లో పనిచేసిన వాళ్లకు ఇవి కొత్త కాదు. స్ప్రింగు సూదులున్న ఫిక్స్చర్ మీద బోర్డు పెట్టి నొక్కితే ఆ సూదులు ఈ చుక్కలకే తగులుతాయి, టెస్టింగ్ అక్కడే అయిపోతుంది. ఈ పాయింట్లు ఉన్నది ఫ్యాక్టరీ కోసం, మన కోసం కాదు. అందుకే వాటి పక్కన పేర్లు రాయాల్సిన అవసరం వాళ్లకు లేదు.

కనిపెట్టే వరస ఇది. పవర్ అడాప్టర్ పీకి ఒక నిమిషం ఆగండి, కెపాసిటర్లు ఖాళీ అవుతాయి. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి నల్ల ప్రోబ్‌ను యూఎస్‌బీ సాకెట్ తొడుగుకో, చిప్ మీది రేకు మూతకో ఆనించండి. ఎర్ర ప్రోబ్ ఏ ప్యాడ్ మీద పెడితే బీప్ వస్తుందో అది గ్రౌండ్. దగ్గరగా చూస్తే దాని చుట్టూ ప్లస్ గుర్తులా నాలుగు సన్నటి రాగి కాళ్లు కూడా తరచూ కనిపిస్తాయి. తర్వాత బీప్ మోడ్‌లోనే వీసీసీ పట్టుకోవచ్చు: ఫర్మ్‌వేర్ దాచుకునే ఎనిమిది కాళ్ల ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్‌లో ఎనిమిదో కాలు వీసీసీ, నాలుగోది గ్రౌండ్. ఎనిమిదో కాలితో బీప్ ఇచ్చిన ప్యాడ్ వీసీసీ.

ఇప్పుడు మీటరును 20 వోల్టుల డీసీకి మార్చి, నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద ఉంచి, మిగిలిన ప్యాడ్లను ఒక్కొక్కటిగా చూడాలి. ప్రతి ప్యాడ్‌కూ పవర్ తీసి మళ్లీ వేసి, మొదటి ఇరవై సెకన్లు అంకెల మీదే కన్నుంచండి. వీసీసీ మీద 3.29 వచ్చి కదలకుండా నిలబడుతుంది. టీఎక్స్ మీద మొదట 3.3 వస్తుంది, తర్వాత 2.9, 2.4, 2.7 అని ఊగుతుంది, బూట్ అయ్యాక మళ్లీ 3.3 దగ్గర కుదురుకుంటుంది. మీటరు సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది, వేగంగా వెళ్లే సున్నాలూ ఒకట్ల సరాసరినే చూపిస్తుంది. ఆ ఊగడమే మనకు కావలసిన గుర్తు.

ఆర్ఎక్స్ దగ్గరే తికమక. కొన్నిటిలో సున్నాకు దగ్గరగా ఉంటుంది, కొన్నిటిలో పుల్-అప్ రెసిస్టర్ (పిన్నును వీసీసీ వైపు లాగి ఉంచేది) వల్ల అచ్చం వీసీసీలాగే 3.3 చూపిస్తుంది. అప్పుడు ఆ ప్యాడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలవండి. వీసీసీ అయితే చలించదు, పోయేది 3.3 మిల్లీ ఆంపియర్లే. 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ ఉన్న ఆర్ఎక్స్ అయితే 0.3 వోల్టులకు పడిపోతుంది. రూపాయి రెసిస్టర్ తీర్చే తగువు ఇది.

ప్యాడ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లయితే సరే. 1.27 అయితే ప్రోబ్ జారి వీసీసీ, గ్రౌండ్ కలిసిపోయే ప్రమాదం ఉంది. ప్రోబ్ కొనకు కుట్టు సూది కట్టుకోండి.

అపోహ: నాలుగు తీగలూ కలపాలి, లేకపోతే పని చేయదు.

మూడు చాలు: గ్రౌండ్‌కు గ్రౌండ్, బోర్డు టీఎక్స్‌ను యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ (ల్యాప్‌టాప్ యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిన్న మాడ్యూల్) ఆర్ఎక్స్‌కు, బోర్డు ఆర్ఎక్స్‌ను అడాప్టర్ టీఎక్స్‌కు. వీసీసీ జోలికి పోవద్దు. రౌటర్ తన 12 వోల్టుల అడాప్టర్‌తోనే నడవాలి. ఇలాంటి యూఎస్‌బీ అడాప్టర్లలో ఉండే సీపీ2102 చిప్ లోపలి 3.3 వోల్టుల రెగ్యులేటర్ ఇచ్చేది 100 మిల్లీ ఆంపియర్లు, దాంతో రౌటర్ లేవదు. రెండు సప్లైలు ఒకదానిలోకి ఒకటి తోసుకుంటే ముందు పోయేది యూఎస్‌బీ అడాప్టర్, ఆ తర్వాత ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు.

మొదట గ్రౌండ్, బోర్డు టీఎక్స్ మాత్రమే కలపండి. ల్యాప్‌టాప్‌లో సీరియల్ టెర్మినల్ ప్రోగ్రామ్ తెర మీద అక్షరాలు వచ్చాకే మూడో తీగ. దానికి వరసలో 470 ఓమ్‌ల నుంచి 1 కిలో ఓమ్ దాకా ఏదో ఒక రెసిస్టర్ పెట్టండి. అది లేకపోతే ఒక వింత జరుగుతుంది: రౌటర్ స్విచ్ ఆపినా లైటు మసకగా వెలుగుతూనే ఉంటుంది, మళ్లీ ఆన్ చేస్తే సరిగా రీసెట్ అవదు. ఎందుకంటే అడాప్టర్ టీఎక్స్ ఊరికే ఉన్నప్పుడు కూడా 3.3 వోల్టుల దగ్గరే ఉంటుంది, చిప్ లోపలి రక్షణ డయోడ్ గుండా ఆ కరెంటు బోర్డులోకి ఎక్కుతుంది.

అపోహ: యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ ఏదైనా ఒకటే.

చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి వచ్చే సీహెచ్340 మాడ్యూళ్ల మీద 3.3, 5 అని జంపర్ (వోల్టేజీ ఎంచుకునే చిన్న మూత) ఉంటుంది. కొన్నిటిలో ఆ జంపర్ మార్చేది వీసీసీ పిన్నును మాత్రమే, టీఎక్స్ 5 వోల్టుల దగ్గరే ఉండిపోతుంది. బోర్డుకు కలపకముందే అడాప్టర్ టీఎక్స్‌కూ గ్రౌండ్‌కూ మధ్య కొలిచి చూసుకోండి. కంప్యూటర్ వెనకాల ఉండే తొమ్మిది పిన్నుల ఆర్ఎస్-232 పోర్టు వేరే జాతి, అందులో మైనస్ వోల్టేజీలు కూడా ఉంటాయి. దాన్ని నేరుగా కలిపితే చిప్పుకు అంతే సంగతులు.

1.8 వోల్టులతో నడిచే ప్రాసెసర్ల దగ్గర సమస్య తిరగబడుతుంది. సీపీ2102 "ఒకటి" అని ఒప్పుకోవాలంటే కనీసం 2 వోల్టులు కావాలి. ఎనిమిది ఛానళ్ల చవక లాజిక్ ఎనలైజర్లలో (సిగ్నళ్లను రికార్డు చేసి చూపే పరికరాలు) ఉండే ఎఫ్ఎక్స్2 చిప్‌కూ అంతే. బోర్డు గొంతు చించుకుని అరుస్తున్నా వీటికి వినపడదు, మనమేమో "ఇది టీఎక్స్ కాదు" అనుకుని పక్క ప్యాడ్‌కు పోతాం. ఇలాంటి చోట వీసీసీఐఓ పిన్ను (సిగ్నల్ వోల్టేజీని నిర్ణయించేది) బయటికి ఇచ్చిన ఎఫ్‌టీ232ఆర్ మాడ్యూల్ తీసుకుని, ఆ పిన్నుకు 1.8 ఇవ్వాలి.

అపోహ: పిచ్చి అక్షరాలు వస్తే పిన్ను తప్పు.

పవర్ వేసినప్పుడల్లా అవే చోట్ల, అదే లయలో పిచ్చి అక్షరాలు వస్తే పిన్ను సరైనదే, బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లు పంపాలన్న వేగం) తప్పు. చెయ్యి దగ్గరికి తెస్తే వచ్చి, తీస్తే పోతుంటే గ్రౌండ్ తగల్లేదు. ముందు 115200 చూడండి, చాలా పరికరాలు అక్కడే మాట్లాడతాయి. ఆ తర్వాత 57600, 38400, 9600. రాక్‌చిప్ బోర్డులు 1500000 దాకా పోతాయి. ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ బూట్ అయ్యేటప్పుడు 74880 అనే, మామూలు పట్టికల్లో కనిపించని అంకె వాడుతుంది. 40 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు (చిప్ నడక వేగం నిర్ణయించే భాగం) లెక్కగట్టిన 115200, బోర్డు మీది 26 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో అంతకు పడిపోతుంది. లాజిక్ ఎనలైజర్ ఉంటే ఊహలెందుకు, అన్నిటికంటే సన్నటి పల్స్ వెడల్పు కొలవండి: 8.7 మైక్రోసెకన్లయితే 115200, 17.4 అయితే 57600, 104 అయితే 9600.

అపోహ: అక్షరాలు కనిపిస్తున్నా టైప్ చేసింది పోకపోతే, కంపెనీ లాక్ చేసినట్టే.

ముందు మన వైపు చూసుకోవాలి. మినీకామ్ అనే సీరియల్ టెర్మినల్ ప్రోగ్రామ్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అదనపు తీగలతో "పంపు, ఆగు" అని చెప్పుకునే పద్ధతి) మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మూడు తీగలతో అది ఉంటే వచ్చేది వస్తుంది, పోయేది పోదు. సెట్టింగుల్లో దాన్ని ఆపితే సగం "లాకులు" అక్కడే ఊడిపోతాయి. తర్వాత ఆర్ఎక్స్ ప్యాడ్ నుంచి రాగి గీతను వేలితో వెంబడించండి. ఖర్చు మిగులుతుందని దారిలో ఉండాల్సిన చిన్న రెసిస్టర్‌ను బిగించకుండా వదిలేసిన బోర్డులు చాలా ఉన్నాయి. ఆ రెండు చుక్కలను సోల్డర్‌తో కలిపితే దారి తెరుచుకుంటుంది. ఇవి రెండూ కాకపోతే అప్పుడు నిజంగానే లాక్. యూ-బూట్‌లో (రౌటర్‌ను ముందుగా లేపే బూట్‌లోడర్) కీ నొక్కడానికి ఆగే సమయం సున్నా పెట్టి ఉండొచ్చు, లాగిన్ పాస్‌వర్డ్ అడగొచ్చు.

అపోహ: లోపలుండేది 3.3 వోల్టులే కదా, షాక్ ఎందుకు కొడుతుంది?

12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే వాటికి ఆ ధైర్యం చెల్లుతుంది. స్మార్ట్ ప్లగ్గులు, వైఫై బల్బులు అలా కాదు. చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, బోర్డు గ్రౌండ్ నేరుగా 230 వోల్టుల లైనుతో ముడిపడి ఉంటుంది. ఆ గ్రౌండ్‌కు ల్యాప్‌టాప్ కలిపితే ల్యాప్‌టాప్ బాడీకి కరెంటు వస్తుంది. వీటిని గోడ సాకెట్లో పెట్టి ఎప్పుడూ పరీక్షించకూడదు. మెయిన్స్ పూర్తిగా తీసేసి, బయటి నుంచి 3.3 వోల్టులు ఇచ్చి నడపాలి. వీసీసీ కలపొద్దన్న నియమానికి మినహాయింపు ఇదొక్కటే, అది కూడా సీపీ2102 నుంచి కాదు, విడిగా ఏఎంఎస్1117 రెగ్యులేటర్ మాడ్యూల్ నుంచి. వైఫై ప్రసారం మొదలైన క్షణంలో ఈఎస్‌పీ చిప్ 300 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగుతుంది. టీవీ లోపల సప్లై బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసిన వెంటనే దాన్ని ముట్టుకోవద్దు.

అపోహ: జేట్యాగ్ దొరికితే అన్నీ దొరికినట్టే.

జేట్యాగ్ అంటే చిప్‌ను నేరుగా పరీక్షించి, దాని లోపలికి చూసే పిన్నుల గుంపు. అది దొరకడమే ఒక పని. పది చుక్కల్లో యూఆర్ట్ జత వెతకాలంటే 90 కలయికలు, చేత్తోనే అయిపోతుంది. జేట్యాగ్‌కు టీసీకే, టీఎంఎస్, టీడీఓ అనే మూడు పిన్నులే వెతికి ఐడీకోడ్ (చిప్ గుర్తింపు సంఖ్య) చదవాలన్నా 720, టీడీఐ అనే నాలుగోది కూడా కావాలంటే 5040. అందుకే జో గ్రాండ్ తయారుచేసిన 24 ఛానళ్ల జేట్యాగులేటర్ లాంటివి, లేదా ఆర్డుయినోలో నడిచే జేట్యాగ్‌ఈనమ్ ప్రోగ్రామ్ వాడతారు. వచ్చిన 32 బిట్ల ఐడీకోడ్‌లో చివరి బిట్ 1 అయి తీరాలి. మొత్తం సున్నాలో, మొత్తం ఒకట్లో వస్తే అది జవాబు కాదు. ఇంత చేశాక కూడా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కావచ్చు: ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ చిప్‌లో రక్షణ స్థాయి 1 పెట్టి ఉంటే పిన్నులు దొరికినా ఫ్లాష్ చదవనివ్వదు, స్థాయి 0కు దించితే మొత్తం చెరిపేస్తుంది. స్థాయి 2 అయితే ఆ దారే శాశ్వతంగా మూసేస్తుంది. రౌటర్ బాగుచేయడానికి పది మందిలో తొమ్మిది మందికి జేట్యాగ్ అవసరమే రాదు.

అపోహ: ఇంట్లో ఉన్న పరికరం ఏదైనా మనదే.

ఫైబర్ కంపెనీ పెట్టి వెళ్లిన ఓఎన్‌టీ (ఫైబర్ మోడెం), చాలా చోట్ల కేబుల్ సెట్‌టాప్ బాక్స్ కూడా కంపెనీ ఆస్తి. యజమాని అనుమతి లేకుండా లోపలికి దూరితే ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి. నేర్చుకోవడానికి పాత రౌటరొకటి కొనుక్కోండి.

అపోహ: పాస్‌వర్డ్ అడిగితే ఇంత శ్రమా వృథా.

లాగిన్ దాకా వచ్చిందంటే బోర్డు బాగున్నట్టే, అదే పెద్ద సమాచారం. మధ్యలో "బ్యాడ్ డేటా సీఆర్‌సీ" అని చెప్పి ఆగితే ఫ్లాష్‌లోని ఇమేజ్ చెడింది, యూ-బూట్ నుంచి టీఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ మీద ఫైలు పంపే పద్ధతి) మళ్లీ ఎక్కించవచ్చు. ర్యామ్ పేరు చెప్పే లైను దగ్గరే చతికిలబడితే ర్యామ్‌నో, దానికి వెళ్లే సప్లైనో అనుమానించాలి. 3.3 ఉండి కూడా ఒక్క అక్షరం రాకపోతే క్రిస్టల్ చూడండి, లేదా బూట్‌లోడరే చెరిగిపోయి ఉంటుంది. అప్పుడు ఫ్లాష్ చిప్ మీద క్లిప్పు పెట్టి ప్రోగ్రామర్‌తో రాయాలి. మార్కెట్లో చవగ్గా దొరికే నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్ చిప్పుకు 3.3 ఇస్తూనే డేటా కాళ్ల మీద 5 వోల్టులు పంపుతుంది, దాన్ని సవరించాకే వాడాలి. ఏదైనా చెరిపే ముందు చిప్‌లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ అచ్చం ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూడండి. తేడా వస్తే క్లిప్పు సరిగా కూర్చోలేదని అర్థం.