జొన్న పులిస్తే పాడైనట్టు కాదు: బోట్స్వానా వంటలపై అపోహలు - వాస్తవాలు

బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఒక కేటరింగ్ కిచెన్‌లో వంట చేయడం నా పని. పెళ్ళిళ్ళకైనా ఆఫీసు భోజనాలకైనా ఇక్కడి వంటలే ఎక్కువగా వండుతాం. ఇంటికి ఫోన్ చేస్తే "అక్కడంతా మాంసమేనా?" అని అడుగుతారు. కొత్తగా ఉద్యోగానికొచ్చే మనవాళ్ళదీ అదే టెన్షన్. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇలా రాస్తున్నా.

అపోహ: టింగ్ అంటే పాడైపోయిన పిండి.

టింగ్ అంటే పులియబెట్టిన జొన్నపిండి. దాన్ని పాడైందనుకునే తప్పు నేనే చేశాను. చేరిన మొదటి వారం పొద్దున్నే కిచెన్ తెరిస్తే మూలన మూతపెట్టిన బకెట్ ఉంది. మూత తీయగానే గుప్పుమని పుల్లటి వాసన, పైన నురగ. ఎవరో మరిచిపోయారనుకుని సింకులో ఒంపేశా. మా సీనియర్ వంటావిడ వచ్చి ఖాళీ బకెట్ చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ర్రా, అది మధ్యాహ్నం భోజనం" అంది. ఇక్కడ మగవాళ్ళను గౌరవంగా పిలవాలంటే 'ర్రా' అంటారు లెండి. ఆ గౌరవం నా చెవికి అలవాటయ్యేసరికి నెల పట్టింది.

జొన్నపిండిని గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, పాత టింగ్ ఒక గరిటెడు తోడు వేసి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచుతారు. పాలు తోడుకునేది ఏ రకం బ్యాక్టీరియాతోనో, ఇది పులిసేదీ ఆ రకంతోనే. దోసెపిండి పులిసిన వాసన తెలిసినవాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. వాసన పుల్లగా ఉంటే బాగున్నట్టే. కుళ్ళు వాసన వచ్చినా, రంగు రంగుల బూజు కనపడినా మొహమాటం లేకుండా పారబోయాలి.

పల్చగా కాస్తే పొద్దున తాగే మొటోగో, అంటే మన అంబలికి చుట్టం. గట్టిగా కెలికితే బొగోబే, సంగటిలాంటిది. ఉండలు కట్టకుండా లెఫెట్లో అనే కర్ర కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పుతారు. గరిటెతో ఆ నునుపు నాకు ఇంతవరకూ రాలేదు.

అపోహ: మసాలా లేదు కాబట్టి రుచీ లేదు.

ఇలా అనేవాళ్ళు సెస్వా సరిగ్గా తిని ఉండరు. ఎముకలతో ఉన్న గొడ్డుమాంసమో మేకమాంసమో, నీళ్ళు, ఉప్పు. అంతే సరుకు. పెళ్ళైనా చావింటి భోజనమైనా మూడు కాళ్ళ ఇనప కుండను కట్టెల పొయ్యి మీద పెట్టి మగవాళ్ళే వండుతారు. గంటల తరబడి ఉడికి మాంసం దానంతటదే ఎముక వదిలాక, ఎముకలు ఏరేసి కర్రతో దంచుతారు. పీచులు పీచులుగా విడిపోయి, మిగిలిన రసాన్నంతా మాంసమే తాగేయాలి. నీరు ఇంకిపోయి కొవ్వు చిటపటలాడటం వినపడగానే దించేయాలి. ఆలస్యమైతే అడుగంటుతుంది, తొందరపడితే నీళ్ళోడుతుంది.

నేను మొదట్లో అల్లంవెల్లుల్లి వేసి చూశాను. "కూర బాగుంది, సెస్వా ఎక్కడ?" అన్నారు. కొందరు ఉల్లిపాయ, మిరియాలు వేస్తారు గానీ పెద్దవాళ్ళు దాన్ని ఒప్పుకోరు. నేనూ ఇప్పుడు వాళ్ళ పక్షమే.

అపోహ: మొక్కజొన్న ముద్ద వీళ్ళ అనాదికాలపు తిండి.

ఫలేచే అనే తెల్లటి మొక్కజొన్న ముద్ద ఇప్పుడు రోజూ తింటారు, నిజమే. కానీ మొక్కజొన్న అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువాళ్ళు ఆఫ్రికా తీరాలకు రావడం మొదలయ్యాకే ఈ ఖండానికి చేరింది. అంతకుముందు నుంచీ ఉన్నవి జొన్నలూ చిరుధాన్యాలే. ఇంకో మాట: జొన్న, రాగి, అలసంద మూడింటి పుట్టిల్లూ ఆఫ్రికాయే. వేల ఏళ్ళ కిందట అక్కణ్ణుంచి మన దగ్గరికొచ్చాయి.

అపోహ: శాకాహారి ఇక్కడ పస్తుండాల్సిందే.

అలసందలను జొన్నలతోనో దంచిన మొక్కజొన్న గింజలతోనో కలిపి ఉడికిస్తే దిఖోబే. లెరొత్సే అనే పుచ్చజాతి కాయను మెత్తగా ఉడికించి, పులిసిన పాలు, జొన్నపిండి వేసి కెలికే బొగోబే ఇంకొకటి. ఈ దేశపు వంటల్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను దానికే ఓటేస్తా. ఇక ఆకుకూరలన్నిటినీ కలిపి మొరోగో అంటారు. అందులో రొత్వే అనేది మన వాయింటాకే! పొలం గట్ల మీద మొలిచే ఆ చేదాకును ఇక్కడ మార్కెట్లో చూసి ఎంత సంబరపడ్డానో. అలసంద ఆకును ఉడికించి ఎండబెట్టి, వానల్లేని నెలలకు దాచుకుంటారు. అయితే ఏది తిన్నా ముందు ఒక మాట అడగండి: నూనె వేశారా, కొవ్వు వేశారా? రెండూ వాడతారు.

అపోహ: గొంగళిపురుగులు గతిలేక తినేవి.

మొపానే చెట్టు ఆకులు తిని పెరిగే ఈ పురుగును ఫానే అంటారు. వానాకాలంలో ఈశాన్యాన ఫ్రాన్సిస్‌టౌన్ వైపు కుటుంబాలు కుటుంబాలు ఏరడానికి వెళతాయి. పేగును పిండేసి, ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండబెడతారు. ఎండిన ఫానే బరువులో సగం పైగా ప్రొటీనే. కరకరలాడుతూ అలాగే తినొచ్చు, నానబెట్టి టమాటా ఉల్లిపాయలతో వేపుకోనూవచ్చు. డబ్బున్న ఇళ్ళవాళ్ళూ మా దగ్గర అడిగి మరీ చేయించుకుంటారు. ఒక్క జాగ్రత్త: రొయ్యలు, పీతలు పడనివాళ్ళకు ఇవీ పడకపోవచ్చు. అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడే ఆ సంగతి అడిగి రాసుకుంటాం.