పూలలోయకు వెళ్లే ముందు: వానా కాలం, డబ్బు లెక్క – అపోహలు, వాస్తవాలు

ఏటా వానాకాలంలో హైదరాబాద్ నుంచి చిన్న చిన్న బృందాలను ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు, అంటే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ నేషనల్ పార్కుకు తీసుకెళ్లడం నా పని. ఎంతో ఆశపడి వెళ్లి, నెల తప్పో లెక్క తప్పో అయి దిగులుగా తిరిగొచ్చినవాళ్లను చాలామందిని చూశాను. నాకు ఎక్కువగా వినపడే మాటలు కొన్ని ఇక్కడ చెప్తాను.

అపోహ: పిల్లలకు సెలవులు కాబట్టి మేలో వెళ్తే మంచిది.

మేలో పార్కు అసలు తెరవరు. జూన్ 1 నుంచి అక్టోబర్ 31 వరకే అనుమతి. జూన్ మొదట్లో వెళ్తే లోయలో ఇంకా మంచు గడ్డకట్టి ఉంటుంది, మొలకలు అప్పుడప్పుడే లేస్తుంటాయి. పూలు విరగబూసేది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. సరిగ్గా జోరు వానల రోజులవి. వాన వద్దు, పూలు కావాలి అంటే కుదరదు. సెప్టెంబర్‌లో వాన తగ్గుతూ వస్తుంది, శిఖరాలు తేటగా కనిపిస్తాయి, కానీ పూలు పలచబడి లోయ పసుపు రంగుకు తిరుగుతుంది. అదీ అందమే. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తామంటే నేను ఆగస్టు చివరి వారమో సెప్టెంబర్ మొదటి వారమో చెప్తాను. కొన్ని పూలు, కాస్త తెరిపి, రెండూ దొరికే అవకాశం అప్పుడే ఉంటుంది.

అపోహ: ఫోన్‌లో వాతావరణం చూసుకుంటే సరిపోతుంది.

లోయలో ముసురు పట్టినా రెయిన్‌కోట్ వేసుకుని నడవొచ్చు. మన ప్రయాణం ఆగిపోయేది అక్కడ కాదు, కింద రోడ్డు మీద. రిషికేశ్ నుంచి లోయ దారిలోని జోషీమఠ్ పట్టణం దాదాపు 250 కిలోమీటర్లు, అంతా ఘాట్ రోడ్డే. ఈ దారిలో శ్రీనగర్ (కశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌ది), రుద్రప్రయాగ మధ్య సిరోబగడ్ లాంటి చోట్ల గట్టి వాన పడితే కొండచరియలు విరిగి రోడ్డు మీద పడతాయి. లోయ కింద మనం బస చేసే ఊరు ఘంగారియాలో ఎండ కాస్తున్నా మీ బండి అక్కడ ఆగిపోవచ్చు. అందుకని వాతావరణ శాఖ లోయ ఉన్న చమోలీ జిల్లాతో పాటు దారిలోని రుద్రప్రయాగ, పౌడీ జిల్లాలకు ఇచ్చే హెచ్చరికలు కూడా చూడండి. ఆరెంజ్ హెచ్చరిక ఉన్న రోజు నేను బండి కదలనివ్వను. ఎవరు ఎంత కోప్పడినా సరే.

అపోహ: రోజులు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది.

అందరికీ ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. రిషికేశ్ నుంచి లెక్క వేద్దాం. మొదటి రోజు జోషీమఠ్. రెండో రోజు గోవింద్‌ఘాట్, అక్కడి నుంచి జీపులో పుల్నా, ఆపైన పది కిలోమీటర్లు నడిచి ఘంగారియా. మూడో రోజు పూలలోయ, నాలుగో రోజు ఇంకా పైనున్న సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్, ఐదో రోజు దిగడం, ఆరో రోజు రిషికేశ్. ఇందులో ఎక్కడా ఖాళీ లేదు. సెలవు లేదనో, హోటల్ డబ్బు మిగులుతుందనో ఏడో రోజు తెల్లవారుజామునే విమానం బుక్ చేసుకుంటారు.

ఒక ఏడాది తిరుగు ప్రయాణంలో చరియ పడి మా బండి మర్నాటి దాకా ఆగిపోయింది. రిషికేశ్‌లో ఒక రోజు ఎక్కువ పెట్టుకున్నవాళ్లు టీ తాగుతూ నిబ్బరంగా కూర్చున్నారు. పెట్టుకోనివాళ్ల టెన్షన్ చూడలేకపోయాను. ఒక కుటుంబం నలుగురికీ మళ్లీ టికెట్లు కొనాల్సి వచ్చింది. ఒక్క రోజు గదికి మిగిల్చింది ఎంత, చివరి నిమిషం టికెట్లకు పెట్టింది ఎంత! అప్పటి నుంచి ఒక రోజు అదనంగా పెట్టుకోనివాళ్లను నేను తీసుకెళ్లడం లేదు. జూలై, ఆగస్టుల్లో అయితే రెండు రోజులు. ఆ రోజు మిగిలిపోతే రిషికేశ్ చూడొచ్చు, వృథా కాదు.

డబ్బు ఖర్చయ్యే చోట్లు వేరే ఉన్నాయి. ఇద్దరే టాక్సీ మాట్లాడుకుంటే బండి ఖర్చే అన్నిటికన్నా బరువు. ఆరుగురు కలిస్తే అదే తేలిక. తెల్లవారుజామున రిషికేశ్ నుంచి బస్సులు, షేర్ జీపులు కూడా ఉంటాయి. ఘంగారియాలో గురుద్వారాలో బస, లంగర్ భోజనం ఉచితం, యాత్రికుడిలా మర్యాదగా ఉంటే చాలు. నగదు మాత్రం జోషీమఠ్‌లోనే తీసుకోండి. పైన నెట్‌వర్క్‌ను నమ్ముకుని ఫోన్‌తో చెల్లిద్దామనుకుంటే ఇబ్బంది పడతారు.

అపోహ: ఆగస్టులో స్వెటర్ ఎందుకు?

ఘంగారియా 3,000 మీటర్లు దాటిన ఎత్తు, హేమకుండ్ 4,000 మీటర్లు దాటి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, పైగా తడి చలి. జీన్స్ తడిస్తే ఆ రోజు ఆరదు. ఉన్ని బట్టలు, త్వరగా ఆరే ప్యాంట్లు, రెండు జతల మేజోళ్లు తెచ్చుకోండి.

అపోహ: నడవలేకపోతే గుర్రం ఎక్కి లోయంతా చూసి రావొచ్చు.

గుర్రాలు ఘంగారియా వరకు, హేమకుండ్ దారిలో దొరుకుతాయి. పూలలోయలోకి వాటిని రానివ్వరు. మోకాళ్ల నొప్పులున్న అమ్మలను వీపున బుట్టలో కూర్చోబెట్టుకుని మోసుకెళ్లే కూలీలుంటారు. ధర ముందే మాట్లాడుకోండి, ఆ డబ్బు లెక్కలో వేసుకోండి, బేరం మరీ లాగకండి. లోపల కొట్లు లేవు, బస లేదు, సాయంత్రానికల్లా బయటికి వచ్చేయాలి. మధ్యాహ్నం తిండి, నీళ్లు ఘంగారియాలోనే కట్టించుకుని బయల్దేరండి.